చాటింపు ఎవరిది?

తెలుగు సినిమాలో విలన్ లేకపోతే కథ నడవదు. నాగభూషణం, రావుగోపాలరావు అనగానే ఆ మాట విరుపు చెవిలో మోగుతుంది. పాత సినిమాల్లో అతను చాలాసార్లు ఊరి పెద్దో, భూస్వామో అయివుంటాడు. అతని చేతిలో నలిగేవాళ్లు పాలేర్లు, కౌలుదార్లు. అయితే ఈ మాట పుట్టిన చోట విలన్ అంటే భూస్వామి కాదు, ఆ పాలేరే.

లాటిన్‌లో 'విల్లా' అంటే పొలాల మధ్య ఉండే పెద్ద కమతం. ఆ కమతంలో పనిచేసేవాడు 'విల్లానుస్'. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ల ఫ్రెంచితో పాటు ఈ మాటా అక్కడికి చేరింది. అక్కడ 'విలెన్' అంటే ప్రభువు భూమికి కట్టుబడి బతికే రైతు. అనుమతి లేకుండా ఊరు వదలకూడదు. కూతురి పెళ్లి చెయ్యాలంటే ప్రభువుకి రుసుము కట్టాలి. తన పొలం గురించి ప్రభువు మీద రాజు కోర్టులో దావా వేసే హక్కు లేదు. ఈ వెట్టి పోవాలనే 1381లో వాట్ టైలర్ నాయకత్వంలో రైతులు లండన్ మీదికి వెళ్లారు. అక్కడే అతన్ని చంపేశారు. తర్వాత కాలంలో వెట్టి మెల్లగా సడలింది కానీ, మాట మిగిలిపోయింది. పొలంలో పనిచేసేవాడు, అంటే మోటువాడు. మోటువాడంటే నీతి లేనివాడు. నీతి లేనివాడంటే దుర్మార్గుడు. నాటకంలో, నవలలో కథానాయకుడికి అడ్డుపడే పాత్రకి ఆ పేరు స్థిరపడింది 19వ శతాబ్దంలో.

అదే వేరు నుంచి వచ్చిన 'విల్లా' మాత్రం ఇవాళ హైదరాబాద్ శివార్లలో హోర్డింగుల మీద కోట్ల ఖరీదు చేస్తోంది. యజమాని ఇంటి పేరు గౌరవంగానే ఉండిపోయింది, అందులో పనిచేసినవాడి పేరు తిట్టయింది.

ఒక పని కూడదు అని చెప్పే మాటలు ఆ పనిని వర్ణించడానికి పుట్టాయనుకుంటాం. ఇంగ్లీషులో అలాంటి మాటలు కొన్నింటిని వెనక్కి నడిపించి చూస్తే ముందు కనబడేది పని కాదు, మనిషి. అతను ఎక్కడ ఉంటాడు, ఏం చదివాడు, ఎవరికి లోబడి ఉంటాడు అన్నవి ముందొచ్చి, తప్పు తర్వాత వచ్చి చేరుతుంది.

'ల్యూడ్' సంగతి చూడండి. కామంతో కూడిన అసభ్యతకి ఇప్పుడు వాడే మాట. పాత ఇంగ్లీషులో దాని అర్థం చర్చి మనిషి కానివాడు, మామూలు గృహస్థు అని మాత్రమే. చదువంతా చర్చి చేతిలో ఉన్న కాలం కాబట్టి, చర్చి మనిషి కాకపోవడమంటే లాటిన్ రాకపోవడం. చాసర్ కాలానికి, అంటే 14వ శతాబ్దానికి, చదువు లేనివాడు అనే అర్థం బాగా వాడుకలో ఉంది. చదువు లేనివాడికి మర్యాద ఉండదని, మర్యాద లేనివాడికి నిగ్రహం ఉండదని మెట్లు దిగుతూ మాట ఇప్పుడున్న చోటికి చేరింది. 'వల్గర్' అన్నా అంతే. లాటిన్‌లో 'వుల్గుస్' అంటే జనసామాన్యం. 'పేగన్' అన్నా పల్లెవాడే. రోమన్లు సిపాయి కాని మామూలు మనిషిని కూడా అలా పిలిచేవారు. క్రైస్తవం వచ్చాక పాత దేవుళ్లకి మొక్కేవాళ్లకి ఆ పేరు అతుక్కుంది.

ఇదంతా తెల్లవాళ్ల వ్యవహారం అని పక్కన పెట్టడానికి లేదు. మనకి 'గ్రామ్యం' ఉంది. సంస్కృత అలంకార శాస్త్రంలో గ్రామ్యత ఒక దోషం. ఊళ్లో మనిషి మాట్లాడినట్టు ఉండటమే అక్కడ తప్పు. 1910ల్లో పాఠ్యపుస్తకాల భాష గురించి గొడవ రేగినప్పుడు జయంతి రామయ్య పంతులు పక్షం వాడుకభాషని గ్రామ్యమనే తోసిపుచ్చింది. గిడుగు రామమూర్తి ఎదురు నిలబడ్డారు. అయితే ఆయన కూడా తను కోరుతున్నది చదువుకున్నవాళ్లు, పెద్దమనుషులు మాట్లాడే భాష అని నొక్కి చెప్పాల్సి వచ్చింది. 'శిష్ట' అనే విశేషణం లేకుండా 'వ్యావహారికం' గడప దాటలేకపోయింది. గ్రామ్యాన్ని సమర్థించడానికి వచ్చిన మనిషి కూడా ఆ ముద్ర తన మీద పడకుండా చూసుకోవాల్సి రావడం, మాటకి ఎంత బలముందో చెప్తుంది.

*

మరి ఈ ముద్రలు వేసేదెవరు? ఆ ప్రశ్నకి జవాబు 'బ్యాన్' అనే మాటలోనే ఉంది.

ఇప్పుడు బ్యాన్ అంటే నిషేధం. సినిమాని బ్యాన్ చేస్తారు, పుస్తకాన్ని బ్యాన్ చేస్తారు, యాప్‌ని బ్యాన్ చేస్తారు. పాత జర్మానిక్ భాషల్లో మాత్రం ఆ ధాతువుకి మొదటి అర్థం నిషేధించడం కాదు. నలుగురిలో గట్టిగా ప్రకటించడం, రమ్మని పిలవడం అని అర్థం. మన మాటల్లో చెప్పాలంటే చాటింపు. ఫ్రాంకుల రాజ్యంలో రాజు చాటింపే బ్యాన్. దాన్ని మీరితే 60 షిల్లింగుల జరిమానా. చాటింపు వెయ్యడమే అధికారం కాబట్టి, కొన్నాళ్లకి చాటింపులో ఎక్కువగా వినబడే సంగతి, అంటే 'ఫలానాది చెయ్యకూడదు' అన్నది, మాటకి అర్థమైపోయింది.

పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. ఇంగ్లండు చర్చిల్లో ఇప్పటికీ పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి వినిపిస్తారు. వాటిని 'బాన్స్' అంటారు. అందులో నిషేధమేమీ లేదు, ఉన్నది ప్రకటనే. ఇటాలియన్‌లో చాటింపు వేసి వెళ్లగొట్టినవాడు 'బందితో'. ఇంగ్లీషు 'బ్యాండిట్' అక్కణ్ణుంచే వచ్చింది. అతను దారి దోచాకే బందిపోటు కాలేదు. ముందు చాటింపు పడింది, ఊళ్లో చోటు పోయింది, తర్వాత మిగిలింది దారే. చాటింపుకి విరుద్ధంగా తెచ్చిన సరుకు 'కాంట్రబ్యాండ్'. ప్రభువు చాటింపు మేరకు ఊరంతా తప్పనిసరిగా వాడి, డబ్బు కట్టాల్సిన పిండిమర, రొట్టెల పొయ్యి 'బనాల్'. అందరూ వాడేది కాబట్టి అది సాదాసీదా అయింది, సాదాసీదా కాబట్టి చప్పగా అయింది. సాహిత్య విమర్శలో ఇప్పుడు మనం 'బెనాల్' అని పెదవి విరిచేది ఆ పిండిమర మాటతోనే.

'క్రైమ్' కూడా ఈ వరసలోదే. లాటిన్ 'క్రిమెన్' మొదటి అర్థం చేసిన తప్పు కాదు, మోపిన అభియోగం. తెలుగులో 'నేరం మోపడం' అంటాం కదా, ఆ మోపడమే నేరమన్నమాట.

బ్యాన్ వెనకున్న ధాతువు చాలా పాతది, మాట్లాడటం అని దాని అర్థం. సంస్కృతంలో 'భణ్' ధాతువు దీనికి చుట్టమని భాషావేత్తలు చెప్తారు. జయదేవుడి 'భణితం', మన 'భణితి' ఆ కుటుంబంలోవే. లాటిన్ వైపు అదే వేరు నుంచి కీర్తి అనే అర్థంలో 'ఫేమ్' వచ్చింది. 'ఇన్ఫంట్' కూడా అక్కణ్ణుంచే. ఇన్ఫంట్ అంటే శబ్దార్థంలో మాట్లాడలేనిది. చాటేవాడూ, నోరు లేనిదీ ఒకే వేరుకి రెండు కొమ్మలు.

*

చాటింపు వేసేవాడికి కోపం తెప్పించాలంటే తప్పు చెయ్యనక్కర్లేదు, వేరేగా ఆలోచించినా చాలు. గ్రీకులో 'హైరెసిస్' అంటే ఎంపిక. నీకు నచ్చిన తత్వశాఖని నువ్వు ఎంచుకోవడం. ఏ మచ్చా లేని మాట. క్రైస్తవ చర్చి చేతిలో పడ్డాక అదే 'హెరెసీ' అయింది. ఎంచుకోవడమే పాపమయింది. 1401లో ఇంగ్లండు పార్లమెంటు ఇలా ఎంచుకున్నవాళ్లని బతికుండగానే కాల్చడానికి చట్టం చేసింది. ఆ శిక్ష పూర్తిగా రద్దయింది 1677లో.

ఈ హెరెసీ కథలో ఒక పాయ తిన్నగా మన శిక్షాస్మృతిలోకి వచ్చింది. అది చెప్పుకోవాలి.

10వ శతాబ్దంలో బల్గేరియాలో బోగోమిల్ అనే మతశాఖ పుట్టింది. ఈ భౌతిక ప్రపంచం దుష్టశక్తి చేసినదని, చర్చి ఆడంబరాలు అక్కర్లేదని వాళ్ల నమ్మకం. అలాంటి ఆలోచనలే దక్షిణ ఫ్రాన్సులో కాథార్లలో కనబడ్డాయి. 1209లో పోప్ వాళ్ల మీద దండయాత్రే నడిపించాడు. ఫ్రెంచివాళ్లు ఈ మతభ్రష్టుల్ని 'బూగ్ర్' అన్నారు. అంటే బల్గేరియావాడు. వీళ్లు పిల్లల్ని కనడం మంచిది కాదంటారు కాబట్టి, చాటుగా ప్రకృతికి విరుద్ధమైన పనులు చేస్తారని శత్రువులు ప్రచారం చేశారు. ఒక దేశం పేరు మతభ్రష్టుడి పేరయింది, మతభ్రష్టుడి పేరు మగవాళ్ల మధ్య సంభోగానికి పేరయింది. అదే ఇంగ్లీషు 'బగర్'. దానికి రుజువేంటని అడిగినవాళ్లు లేరు, పుకారు సరిపోయింది.

1533లో ఎనిమిదో హెన్రీ 'బగరీ' మీద చట్టం చేశాడు. శిక్ష మరణం. అంతకుముందు చర్చి కోర్టుల్లో ఉన్న పాపాన్ని రాజు కోర్టుకి మార్చడం అందులో అసలు విశేషం. పోప్‌తో తెగతెంపులు చేసుకుంటున్న రాజుకి, చర్చి చేతిలోంచి గుంజుకోవాల్సిన అధికారాల్లో ఇదొకటి. ఈ నేరానికి ఇంగ్లండులో చివరిసారి ఇద్దర్ని ఉరి తీసింది 1835లో, లండన్ న్యూగేట్ జైలు ముందు.

రెండేళ్ల తర్వాత, 1837లో, మెకాలే అధ్యక్షతన భారత శిక్షాస్మృతి ముసాయిదా తయారైంది. అది 1860లో చట్టమై 1862 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. 377వ సెక్షన్‌లో 'బగరీ' అనే మాట లేదు. ప్రకృతి క్రమానికి విరుద్ధమైన సంభోగం అని పెద్దమనిషి భాషలో రాశారు. మాట పోయింది కానీ దాని వెనక ఉన్న పుకారు పోలేదు. మన దేశంలో దాన్ని పరస్పర అంగీకారం ఉన్న పెద్దల మీద వాడకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 సెప్టెంబర్ 6 వచ్చింది. 13వ శతాబ్దపు ఫ్రాన్సులో ఎవరో బల్గేరియా వాళ్ల మీద వేసిన నింద, గుంటూరులోనో వరంగల్లులోనో ఒక కుర్రాణ్ణి పోలీసుకి భయపడేలా చేసింది. భయపడినవాడికి ఈ చరిత్ర తెలియదు, భయపెట్టినవాడికీ తెలియదు.

మన దగ్గరే ఇంకొకటి. నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో, అంటే 1919లో, 'యూనక్స్' మీద ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసుకోవడం, ఆడ దుస్తులతో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవడం అందులో ఉన్నాయి. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం దీనికి ఒరవడి. గ్రీకులో 'యూనక్' అంటే పడకటింటి కాపలాదారు. రాజులు అంతఃపురాన్ని నమ్మకంగా అప్పగించిన మనిషి. ఆ పేరే రిజిస్టరు కెక్కాల్సిన అనుమానితుడి పేరయింది. తెలంగాణ హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసింది 2023 జూలైలో.

*

ఇంగ్లీషు పాత భాషల నుంచే కాదు, ఓడ దిగిన ప్రతి చోటా కూడదు అనే మాటల్ని ఏరుకుంది. 1777లో కెప్టెన్ కుక్ తన మూడో యాత్రలో పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవుల్లో దిగాడు. ముట్టకూడదు, తినకూడదు, అటు పోకూడదు అన్న ప్రతిసారీ అక్కడివాళ్లు ఒకే మాట అనడం గమనించి రాసుకున్నాడు. అదే 'టాబూ'. 1784లో అతని యాత్రా వివరాలు అచ్చయ్యాక యూరప్ అంతా ఆ మాట పాకింది. తమ దగ్గర అలాంటివి లేనట్టు, దీవుల వాళ్ల వింత ఆచారానికి పేరు దొరికినట్టు సంబరపడ్డారు.

యూరప్ పండితులకి ఒక విషయం అంతుబట్టలేదు. పవిత్రమైనదీ టాబూయే, అపవిత్రమైనదీ టాబూయేనా? తెలుగువాళ్లకి ఇందులో తికమక ఏమీ లేదు. మడిబట్ట ముట్టుకోకూడదు. మైలబట్టా ముట్టుకోకూడదు. కారణాలు వేరు, చెయ్యి వెనక్కి తీసుకోవడం ఒకటే. పోలినేషియా భాషల్లో ఈ రెంటికీ కలిపి ఒకటే మాట, అంతే తేడా.

హవాయిలో ఆ మాటని 'కపు' అంటారు. అక్కడ ఆడవాళ్లు మగవాళ్లతో కూర్చుని తినకూడదు. పంది మాంసం, అరటిపండ్లు, కొబ్బరికాయలు ముట్టకూడదు. తప్పితే చావే. 1819లో మొదటి కమేహమేహా రాజు చనిపోయాడు. ఆయన భార్యల్లో ఒకామె కాఅహుమాను. కొత్త రాజు లిహోలిహో పక్కన అధికారం ఆమెదే. ఆ ఏడు నవంబర్లో ఒక విందులో లిహోలిహో లేచి ఆడవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి, వాళ్లతో కూర్చుని తిన్నాడు. ఆకాశం విరిగి పడలేదు. వందల ఏళ్ల కపు ఆ భోజనంతో పోయింది. దీన్ని 'ఐ నోవా' అంటారు, అడ్డు లేకుండా తినడం అని. మతం కాపాడాలని తిరగబడినవాళ్లు డిసెంబర్లో యుద్ధంలో ఓడిపోయారు. క్రైస్తవ మిషనరీలు అక్కడ దిగింది మరుసటి ఏడు, 1820లో. వాళ్లొచ్చి దీవుల వాళ్లని టాబూ నుంచి విడిపించారన్న కథకి ఈ తేదీలు అడ్డం వస్తాయి. విడిపించుకున్నది అక్కడి ఆడవాళ్లే, కూర్చుని తిని. మన దగ్గర గోరా లాంటివాళ్లు సహపంక్తి భోజనాలు పెట్టింది ఎందుకో దీన్నిబట్టి తేలిగ్గా అర్థమవుతుంది.

*

మన వైపు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట ఒకటుంది. అంతర్జాతీయ వార్తల్లో, ఎవరూ దగ్గరికి రానివ్వని దేశాన్ని 'పరయా స్టేట్' అని రాస్తుంటారు. ఆ పరయా తమిళనాడులోని పరైయర్ కులం పేరు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు రాతల్లోకి వచ్చింది. మొదట్లో అది ఒక కులం పేరే. 19వ శతాబ్దానికి వెలివేయబడ్డవాడు ఎవడైనా పరయానే. లక్షల మంది మనుషుల పేరు ఒక విశేషణం అయిపోయింది. ఎడిటర్లు ఇప్పటికీ సంకోచం లేకుండా వాడతారు.

పరైయర్ అనే పేరు 'పరై' నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. పరై అంటే డప్పు. పాత తమిళంలో చెప్పడం, ప్రకటించడం అని కూడా అర్థం. మలయాళంలో ఇప్పటికీ 'పఱయుక' అంటే చెప్పడమే. రాజు మాటని ఊరికి వినిపించిన డప్పు అది. ఇంగ్లండులో చాటింపు వేయించినవాడి మాట బ్యాన్ అయింది. ఇక్కడ చాటింపు మోసుకెళ్లినవాడి పేరు పరయా అయింది. ఊరంతటికీ కబురు చెప్పినవాణ్ణి ఊరి బయట ఉంచారు. తెలుగులో ఆ చోటుకి వెలివాడ అని పేరు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన అయిదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి పెట్టుకున్న పేరు అదే. వాళ్లలో ఒకడు రోహిత్ వేముల.

కింది నుంచి పుట్టిన మాటలు లేవా అంటే, ఉన్నాయి. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో ఒక జమీందారు ఏజెంటు కౌళ్లు తగ్గించనన్నాడు. రైతులు అతని పొలంలో పని మానేశారు, కొట్టువాళ్లు సరుకు అమ్మలేదు, ఉత్తరాలు అందలేదు. అతని పేరు కెప్టెన్ బాయ్‌కాట్. పైవాళ్లు కిందివాళ్లకి పేర్లు పెట్టడమే చూశాం ఇప్పటిదాకా. ఇక్కడ కిందివాళ్లు పైవాడి పేరునే క్రియ చేసేశారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చేసరికి ఆ మాట మనదీ అయింది. కానీ ఏ మాటా ఒకరి చేతిలోనే ఉండిపోదు. 1991లో చుండూరులో పెత్తందారీ కులాలు దళితుల్ని పనుల్లోకి రానివ్వకుండా సాంఘిక బహిష్కరణ చేశాయి. ఆగస్టు 6న హత్యాకాండ జరిగింది. బలవంతుడి మీద బలహీనులు వాడిన పద్ధతి తిరగబడి బలహీనుడి మీదికే వచ్చింది. ఇలాంటి బహిష్కరణ దానికదే నేరమని అట్రాసిటీ చట్టంలో చేరింది 2015 సవరణతో.

అందుకే ఏదైనా పనికి అసభ్యం, అనైతికం అని పేరు పెట్టడం వినబడినప్పుడు, ఆ మాటకి నిఘంటువులో అర్థమేంటని చూస్తే సగమే తెలుస్తుంది. చాటింపు ఎవరు వేయిస్తున్నారు, ఎవరి గురించి వేస్తున్నారు అని కూడా అడగాలి. కూడని పనులు లోకంలో నిజంగానే ఉన్నాయి. చుండూరులో జరిగింది అలాంటిదే. కానీ ఇన్ని శతాబ్దాల ఈ మాటల మూటలో హత్య చేసినవాడి మీద పడ్డ మచ్చ కన్నా, పొలం దున్నినవాడి మీద, లాటిన్ రానివాడి మీద, వేరే దేవుణ్ణి ఎంచుకున్నవాడి మీద, డప్పు కొట్టినవాడి మీద పడ్డ మచ్చలే ఎక్కువ కనబడుతున్నాయి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడి అనే ఊళ్లో కొందరు యువకులు ఒక ఉద్యమం మొదలుపెట్టారు. అప్పటిదాకా తిట్టుగా వాడిన కులం పేరుని తమ పేర్ల చివర తగిలించుకున్నారు. తరతరాలుగా ఇంకొకరి ఆజ్ఞని ఊరికి వినిపించిన డప్పుని ఈసారి తమ మాట వినిపించడానికి కొట్టారు. ఆ ఉద్యమానికి వాళ్లు పెట్టుకున్న పేరు దండోరా.